తోడికోడళ్ళ గుజ్జు మిషను

కాగితం షెడ్డు,
వాన తెరిపిచ్చిన ఉదయం

అక్కా,

ఉత్తరం చూసి కంగారు పడకు, అందరం బాగానే ఉన్నాం. ఫోన్ చేస్తే నీకు సగం వినపడదు, వినపడిన సగం నువ్వు వినిపించుకోవు. ఇన్నేళ్ళు రాతి మీద గుడ్డపీలికలు దంచిన చెవులు మనవి. అందుకే రాస్తున్నా. నువ్వు కూడా రాయి. కుడి మణికట్టుకి కట్టు ఉందని సాకు చెప్పకు. ఎడమ చెయ్యి ఖాళీగానే ఉందిగా.

నువ్వు అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోయాక మొదటిరోజు ఏమైందో చెప్తాను. నానిన పీలికలు రాతి మీద వేసుకుని కూర్చున్నా. సుత్తి ఎత్తి ఒక దెబ్బ వేశా. మళ్ళీ ఎత్తి ఆగిపోయా, నీ దెబ్బ పడాలి కదా అని. పడలేదు. నా చెయ్యి అలా గాల్లోనే ఉండిపోయింది. మీ మరిది కుట్టుమిషను దగ్గర్నుంచి చూసి "ఎవరికోసం ఎదురుచూస్తున్నావ్?" అన్నాడు.

అప్పట్నుంచీ ఒంటిచేత్తో దంచుతున్నా. ఇద్దరం పొద్దున్నే కూర్చుంటే మధ్యాహ్నం భోజనాలకల్లా అయ్యే గుజ్జు ఇప్పుడు మర్నాటికి కూడా తేలడం లేదు. భుజం రాత్రంతా సలుపుతోంది. నీ మణికట్టు ఏ దారిన పోయిందో నా భుజం కూడా అదే దారి పట్టింది.

ఈలోగా బైండింగ్ ఆయన వచ్చాడు. గ్రంథాలయం పైకప్పు కారి పాత పుస్తకాలు తడిసి ముద్దయ్యాయట. చిరుగులకి అతికించడానికి మన కాగితమే కావాలట, పలచగా, మెత్తగా ఉండి కూడా తెగనిది. మిల్లు కాగితం అతికిస్తే దాని పక్కనే మళ్ళీ చిరుగుతుందంటాడు. "మీవల్ల కాకపోతే చెప్పమ్మా, ఇంకో దారి చూసుకుంటా" అన్నాడు. ఇంకో దారి లేదని అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

అందుకని ఒక నిర్ణయం తీసుకున్నా. గుజ్జు దంచే మిషను నేనే కట్టుకుంటాను. బైండింగ్ ఆయన ఒక పాత పుస్తకంలో బొమ్మ చూపించాడు. పెద్ద కష్టమేం కాదు. కోలగా ఉండే తొట్టి, దాని మధ్యలో నిలువుగా ఒక గోడ. నీళ్ళూ పీలికలూ ఆ గోడ చుట్టూ గానుగెద్దులా తిరుగుతుంటాయి. ఒక పక్క దొర్లే దుంగ ఉంటుంది, దుంగ చుట్టూ ఉక్కు పట్టీలు. దానికింద తొట్టి అడుగున ఇంకొన్ని పట్టీలు. రెంటి సందున నలిగి నలిగి పీలిక దారమవుతుంది, దారం నూగవుతుంది, నూగు గుజ్జవుతుంది. పడగొడుతున్న ఇంట్లోంచి ఒక పాత స్నానాల తొట్టి కూడా తెచ్చేశాను. మీ మరిది చూసి "మిషను రాకపోయినా స్నానమైనా చెయ్యొచ్చు" అన్నాడు.

నువ్వేమంటావో రాయి.

నీ చెల్లి


అమ్మాయి ఇల్లు, మూడో అంతస్తు

వసపిట్టకి,

ఎడమ చేత్తో రాస్తున్నా. అక్షరాలు తాగినవాడి నడకలా ఉంటాయి, ఓర్చుకో.

కట్టు విప్పారు. గ్లాసు పట్టుకోగలను. సుత్తి ఇక పట్టుకోకూడదన్నాడు డాక్టరు, మళ్ళీ అడిగితే మళ్ళీ అదే అన్నాడు. అమ్మాయి పొద్దున ఆసుపత్రికి, అదే తను పనిచేసే రక్తపరీక్షల గదికి, వెళ్ళేముందు నాకు తల దువ్వి జడ వేసి వెళ్తుంది. తర్వాత సాయంత్రం దాకా నేనూ, కిటికీ.

కాగితం పరిచి ఆరేసే గుడ్డలు నీడలో ఆరేశావా, ఎండలో పడేశావా? ఎండలో అయితే అట్టలవుతాయి. మీ బావగారు చేసిన, కాగితం తీసే పెద్ద చట్రం జల్లెడకి మూల ఊడుతోంది, కుట్టించు.

మిషను సంగతి చదివాను.

అక్క


కాగితం షెడ్డు,
ఎండ కాస్త ముదిరాక

అక్కా,

"మిషను సంగతి చదివాను" అంటే ఏమనుకోవాలి? నువ్వు ఉప్పు ఎక్కువైనా "తిన్నాను" అనే మనిషివి. సరే, వద్దనలేదు కాబట్టి ముందుకే పోతున్నా. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకి వెరవడం ఎందుకు?

వడ్రంగి చేత గట్టి కర్ర దుంగ నున్నగా తీయించాను. దాని పొడవునా గాళ్ళు కొట్టించి, వాటిలో ఇనప పట్టీలు దిగ్గొట్టి, పక్కన చెక్కమేకులు బిగించాను. ఇదంతా నా చేత్తోనే, అక్కా. మామగారు ఉంటే "ఆడపిల్లవి, సుత్తి అలాగేనా పట్టుకునేది" అనేవారు, తర్వాత ఇంకో సుత్తి తెచ్చి పక్కన కూర్చునేవారు. లేతు మేస్త్రి ఇరుసు తీసిచ్చాడు, మోటారు నుంచి బెల్టు తగిలించే పెద్ద చక్రం కూడా. ముందు మాత్రం "ఏం రుబ్బుతావమ్మా దీంతో?" అన్నాడు. గుడ్డలు అన్నా. నన్నోసారి, మీ మరిదినోసారి చూసి, ఇంకేం అడగలేదు.

ఇక అసలు సంగతి. నిన్న మొదటిసారి తిప్పాం. మీ మరిది సంగతి తెలుసుగా, ఆరంభశూరుడు. తొట్టి పక్కన కుర్చీ వేసుకుని మెడలో టేపుతో పెళ్ళిపెద్దలా కూర్చున్నాడు. మోటారు స్విచ్ వేశా. దుంగ తిరిగింది. తొట్టిలో ఉన్న గుజ్జంతా ఒక్కసారిగా లేచి షెడ్డు గోడకి కొట్టుకుంది. గోడకి తగలనిది మీ మరిది మొహానికి అంటుకుంది. మీసాల్లోంచి పీలికలు ఏరుకుంటూ "మనవాళ్ళెవరూ దీన్ని ఇంతకుముందు ఎందుకు కట్టలేదో అర్థమైంది" అన్నాడు.

దుంగ మీద రేకు మూత పెట్టి మళ్ళీ తిప్పాను. ఈసారి చిమ్మలేదు, కానీ తిరగలేదు కూడా. దుంగ ఉన్నచోటే గుడగుడమంటుంది. ఆ చివర పీలికలు గుంపుగా కూర్చుని కదలవు. కర్రతో తోస్తే కదులుతాయి, కర్ర తీస్తే మళ్ళీ సమ్మె. బొమ్మలో దుంగ వెనకాల ఒక ఏటవాలు గట్టు ఉంది. నేనూ సిమెంటుతో కట్టాను. కానీ ఎక్కడో తప్పు పోతోంది.

అంతా కడిగేసేసరికి ప్రాణం పోయింది. షెడ్డు నిండా గుజ్జే. ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నా.

నీ చెల్లి


అమ్మాయి ఇల్లు, మూడో అంతస్తు

వసపిట్టకి,

మరిది మీసాల సంగతి అమ్మాయికి చదివి వినిపించాను. అది నవ్వుతూ చేతిలో రక్తపరీక్ష కాగితాలు జారవిడిచింది. దాని నవ్వు విని చాలా కాలమైంది.

ఇప్పుడు నా మాట విను. నీ మిషను నాకిష్టం లేదు. చదివానని ఊరుకున్నది అందుకే. ఉన్నమాటంటే ఉలుకెక్కువని మొదట రాయలేదు.

నువ్వు కొత్తకోడలిగా వచ్చిన ఏడాది గుర్తుందా? ఆరేసే గుడ్డలన్నీ తెల్లగా కావాలని నీలిమందు వేసి ఉతికావు. ఆ తర్వాత తీసిన కాగితమంతా నీలం మరకలు. నేనొక మాటన్నాను, నువ్వు రెండన్నావు. ఆ చలికాలమంతా మనం మాట్లాడుకోలేదు. ఒకే ఇంట్లో ఒకరికొకరు ఎదురుపడితే గోడవైపు తిరిగేవాళ్ళం. కానీ దంచడం ఆగలేదు. రోజూ ఆ రాతికి చెరోపక్కన కూర్చునేవాళ్ళం. నీ దెబ్బ, నా దెబ్బ. ఒక్కరోజు కూడా సుత్తులు ఢీకొనలేదు. కోపంలో ఉన్న మనుషులు ఎదుటివాళ్ళ చేతిని అంత జాగ్రత్తగా చూడాల్సి వస్తే ఆ కోపం ఎంతకాలం నిలుస్తుంది? నువ్వే ముందు మాట్లాడావు. ఏమన్నావో కూడా గుర్తే. "అక్కా, కొంచెం నీళ్ళు పోయ్."

మిషను ముందు అలా ఎవరు కూర్చుంటారు? స్విచ్ వేస్తావు, పోతావు. అంతే నేను చెప్పాలనుకున్నది.

ఇకపోతే, నీ గట్టు. ఇక్కడ వరండా ఊడ్చే మనిషి పొద్దున నీళ్ళు పోసి చీపురుతో మెట్లవైపు తోస్తుంది. గుమ్మం దగ్గర చిన్న దిమ్మె ఉంది. మెల్లగా తోస్తే నీళ్ళు దిమ్మె దాకా వచ్చి వెనక్కి పోతాయి. జోరుగా తోస్తే దిమ్మె దాటతాయి, దాటాక ఆ జారుడుకి వాటంతటవే మెట్ల దాకా ఉరుకుతాయి. నీ గట్టు దుంగవైపు దుంగని ఒరుసుకుంటూ గుండ్రంగా లేవాలి, సందు ఉండకూడదు. అవతలివైపు బాగా వాలు ఇవ్వాలి. నీళ్ళు కూడా ఎక్కువ పోయి, నువ్వు ఎప్పుడూ చిక్కగానే కలుపుతావు.

ఇది చెప్పానని మిషను ఒప్పుకున్నట్టు కాదు.

అక్క


కాగితం షెడ్డు,
బంతులు పూసే రోజులు

అక్కా,

తిరిగింది.

పాత గట్టు పగలగొట్టి నువ్వన్నట్టే కట్టాను. దుంగ గుజ్జుని ఎత్తి గట్టు దాటించింది. అవతల జారి, మూల తిరిగి, గోడ చుట్టూ నెమ్మదిగా నడుచుకుంటూ మళ్ళీ దుంగ దగ్గరికి వచ్చింది. నేను ఒక ఎర్ర పీలిక వేసి చూశాను. అది వెళ్ళి, కనపడకుండా పోయి, మళ్ళీ ఎదురుగా వచ్చింది. దాన్ని చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. మీ మరిది కూడా కత్తెర చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

నీ ఉత్తరం చదివి ఆ రాతిని కడిగి గోడవారగా పెట్టాను. పారెయ్యలేదు. నీలిమందు గొడవలో నువ్వన్నది ఒక మాట కాదు, చాలా అన్నావు. పోనీలే.

ఇక చేదు కబురు. దీనితోపాటు మొదటి కాగితం ఒకటి పెడుతున్నా, చూడు. గోధుమరంగు మచ్చలు కనపడుతున్నాయా? ఇనప పట్టీలు తుప్పు పట్టాయి. వాటిని తీసేసి పాత స్టీలు సింకు ఒకటి కోయించి పెడుతున్నా. కానీ మచ్చలు ఒక్కటే కాదు. బైండింగ్ ఆయన దీన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. గలగలలాడింది. "ఇది ఉత్తరాలు రాసుకోవడానికి పనికొస్తుందమ్మా, గాయానికి కట్టు కట్టడానికి కాదు" అన్నాడు. అతుకు పెట్టి చూపించాడు. ఎండేసరికి పుస్తకం పేజీని ముడుచుకుపోయేలా లాగేసింది.

నాకేం అర్థం కావడం లేదు. గుజ్జు నున్నగా ఉంది, ఉండలు లేవు. మనం దంచినదానికంటే చూడ్డానికి బాగుంది. మరి కాగితం ఎందుకిలా పెళుసెక్కింది?

నీకిష్టం లేని సంగతి అడుగుతున్నానని తెలుసు. అయినా నువ్వు తప్ప ఎవర్ని అడగను?

నీ చెల్లి


అమ్మాయి ఇల్లు, మూడో అంతస్తు

వసపిట్టకి,

నీ కాగితం కిటికీకి ఎదురుగా పెట్టి చూశాను. చింపి చూశాను. నాలుక మీద కూడా పెట్టుకున్నా. అమ్మాయి "అమ్మా, కనీసం చెయ్యి కడుక్కున్నాకైనా" అంటోంది.

చింపిన అంచు చూశావా? మన కాగితం చింపితే అంచున నూగు లేస్తుంది, పిల్లి మీసాల్లాగా. దీనికి లేదు. కత్తితో కోసినట్టుంది. అంటే నీ మిషను దారాన్ని విప్పలేదు, కోసింది. కోసినవాటినే ఇంకా ఇంకా నలిపింది. అందుకే బిగుసుకుపోయి గలగలమంటోంది.

నువ్వు దుంగని మొదటే పట్టీలకి ఆనించేసి ఉంటావు. చివరిదాకా అలాగే వదిలేసి ఉంటావు. కాదను చూద్దాం.

ఇరుసు చివర బేరింగుల కింద మరలు పెట్టించు, దుంగని ఎత్తడానికి, దించడానికి వీలుగా. మొదట పైకి ఎత్తి ఉంచు. పట్టీలు తాకీ తాకనట్టు ఉండాలి. పీలికలు ఒకదాన్నొకటి రాచుకుని వాటంతటవే దారాలుగా విడిపోవాలి. తొందరపడకు. విడిపోయాక కొంచెం దించు. చిటికెడు గుజ్జు గాజుగ్లాసు నీళ్ళలో వేసి వెలుగులో చూడు. పోగుల చివర్లు జుట్టు విరబోసుకున్నట్టు కనపడాలి. కనపడిందా, ఆపెయ్. ఇంకాస్త నున్నగా వస్తుంది కదా అని ఆశపడకు. చెవి పెట్టి విను, మొదట్లో చప్పుడు గరగరమంటుంది, సరైన చోటికి వచ్చేసరికి మెత్తబడుతుంది. దంచేటప్పుడు కూడా నీకు చెప్పి చెప్పి అలసిపోయాను. మన పని కొట్టడం కాదు, విప్పడం.

అడుగు పట్టీలని దుంగ పట్టీలకి తిన్నగా పెట్టావా? కొంచెం ఐమూలగా పెట్టు. అప్పుడు ఒకేసారి కొట్టుకోవు, చప్పుడూ తగ్గుతుంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. నిన్న సాయంత్రమంతా రెండు దువ్వెనలు తీసుకుని ఒకదాని మీద ఒకటి గీస్తూ కూర్చున్నాను.

ఎంత రాశానో ఇప్పుడు చూసుకున్నా. అక్షరాలు కూడా కాస్త నిలబడ్డాయి. గ్లాసులో ఎలా కనపడిందో వెంటనే రాయి.

అక్క


కాగితం షెడ్డు

అక్కా,

ఆలస్యమైంది, ఏమనుకోకు. గుమ్మం తగిలి పడ్డాను. మెడ పట్టేసింది, అంతే. మిషను కొన్నాళ్ళు ఆపాను. బైండింగ్ ఆయనకి కబురు పెట్టాం, తొందరేం లేదన్నాడు.

మరలు పెట్టించాను. గ్లాసులో పోగులు నువ్వన్నట్టే కనపడ్డాయి.

గుడ్డలు నీడలోనే ఆరేస్తున్నా.

నీ చెల్లి


అమ్మాయి ఇల్లు, మూడో అంతస్తు

చెల్లీ,

వసపిట్ట అంత చిన్న ఉత్తరం రాస్తే ఎవరైనా నమ్ముతారా? అమ్మాయి చేత మరిదికి ఫోన్ చేయించాను. మొదట నీళ్ళు నమిలాడు. తర్వాత అంతా చెప్పాడు.

కింద అడిగినవాటికి జవాబు రాయి. బెల్టు ఈ చివర్నుంచి ఆ చివరికి ఎంత పొడవు? పెద్ద చక్రం ఎత్తెంత? మోటారుకీ తొట్టికీ మధ్య ఎంత జాగా ఉంది? ఇరుసు తొట్టి బయటికి ఎంత పొడుచుకొచ్చింది? కొలతలు నువ్వు తియ్యకు. మరిదిని తియ్యమను, అతని టేపు అబద్ధం చెప్పదు.

ఇప్పుడు నీకింకేం రాయను. రాస్తే ఏం రాస్తానో నాకే తెలీదు.

అక్క


కాగితం షెడ్డు,
చలి మొదలైంది

అక్కా,

కొలతలు వేరే కాగితం మీద మీ మరిది రాశాడు. పక్కన బొమ్మ కూడా వేశాడు, చొక్కా బొమ్మలా ఉంటుంది, నవ్వకు.

ఎలాగూ తెలిసిపోయింది కాబట్టి చెప్తాను. నువ్వు రాసినట్టే చేస్తున్నా ఆ రోజు. చప్పుడు మెత్తబడింది. ఇంకా సరిగ్గా వినాలని వంగాను. జడ ముందుకి జారింది. బెల్టు పట్టుకుంది. అరిచానో లేదో తెలీదు. నా తల చక్రంవైపు పోతుండటం తెలుస్తూనే ఉంది, చెయ్యి మాత్రం స్విచ్ దాకా అందలేదు. మీ మరిది కుట్టుమిషను దగ్గర్నుంచి ఎలా వచ్చాడో ఏమో, చేతిలో ఉన్న కత్తెరతో జడ కోసేశాడు. బెల్టు నా జుట్టుని తీసుకుని తిరుగుతూనే ఉంది. తర్వాత స్విచ్ ఆపి, నేలమీద నా పక్కనే కూలబడ్డాడు. "కొలత తీసుకోకుండా కత్తిరించడం నా జన్మలో ఇదే మొదటిసారి" అన్నాడు. అని ఏడ్చాడు. అతను ఏడవగా నేను ఎప్పుడూ చూడలేదు, బావగారు పోయినప్పుడు కూడా.

నీకు రాయనందుకు కారణం ఉంది. నువ్వు వినమన్నావు కాబట్టి వంగాననుకుంటావు. అలా అనుకోకు. బెల్టుకి మూత పెట్టాలని నాకు తెలుసు. గుజ్జు బాగా వచ్చాక పెడదాంలే అనుకున్నా.

ఇప్పుడు ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను. ఈ మిషను బైండింగ్ ఆయన కోసం కాదు, అక్కా. నిజానికి నా భుజం కోసం కూడా కాదు. సుత్తి పట్టుకోలేనని నువ్వు వెళ్ళిపోయావు. సుత్తి అక్కర్లేని షెడ్డు అయితే తిరిగొస్తావనుకున్నా. నీ గదికి సున్నం వేయించాను. కిటికీ కింద ఆరిన కాగితాలు ఏరడానికి బల్ల వేయించాను, కుడి చేతికి బరువు పడకుండా తక్కువ ఎత్తులో. అన్నీ అయ్యాక చెప్దామనుకున్నా. ముందే చెప్తే వద్దంటావేమోనని భయం.

మిషను మీద దుప్పటి కప్పాను. తియ్యమంటే తీసి అమ్మేస్తాను. రాతి మీద ఒక్కదాన్నే దంచుకుంటా, ఎంత వస్తే అంత. నువ్వెలా చెప్తే అలా.

నీ చెల్లి


అమ్మాయి ఇల్లు, మూడో అంతస్తు

చెల్లీ,

బస్సులో ఒక పార్సిలు వస్తుంది, తీసుకో. అమ్మాయి ఆసుపత్రిలో మంచాలు బాగుచేసే వెల్డింగ్ ఆయన ఉన్నాడు. మరిది వేసిన చొక్కా బొమ్మ చూపించి బెల్టుకి ఇనప జాలీ పెట్టె చేయించాను. మూడువైపులా మూసి ఉంటుంది. ఇరుసు కొసకి వేరే టోపీ ఉంది. జాలీ సందులో నా చిటికెన వేలు పెట్టి చూశా, దూరలేదు. మరలతో నేలకి బిగించండి. అది తీసి మిషను తిప్పినట్టు తెలిస్తే నేను వచ్చి ఆ తొట్టిని పగలగొడతాను. స్విచ్ కూడా నువ్వు నిలబడేచోటుకి మార్పించు.

దుప్పటి తీసెయ్. అమ్మడం ఏమిటి, ఎవరు కొంటారు దాన్ని? గ్లాసులో పోగులు విరబోసుకుని కనపడ్డాయని రాశావు. ఆ ముక్క దగ్గరే నేను ఆగిపోయాను ఎన్నోసార్లు. మిషను మీద నా కోపం అక్కడే పోయిందని అప్పుడు రాయాల్సింది.

ఇక గది సంగతి.

నేను తిరిగి రాను, చెల్లీ.

కోపంతో కాదు. చెయ్యి బాగాలేక కూడా కాదు. అమ్మాయి చిన్నప్పుడు షెడ్డులో మూలన గంపలో పడుకునేది, మన దెబ్బలే దానికి జోల. నా రెండు చేతులూ ఎప్పుడూ తడిగానే ఉండేవి. దానికి జడ వేసింది సగం రోజులు నువ్వే. ఇప్పుడు రోజూ పొద్దున అది నా వెనకాల కూర్చుని నెమ్మదిగా చిక్కు తీస్తుంది. తీస్తూ ఆసుపత్రి కబుర్లు చెప్తుంది. భయపడ్డ సంగతులూ, ఎవరికీ చెప్పనివీ. నా మొహం దానికి కనపడదు కాబట్టి చెప్పగలుగుతోందనుకుంటా. చెయ్యి నయమైనా నేనే వేసుకుంటానని అనలేదు. ఇప్పుడిప్పుడే మా ఇద్దరికీ మాటలు కుదురుతున్నాయి. దీన్ని వదిలి రాలేను.

నువ్వు సున్నం వేయించిన గది ఖాళీగా ఉంచకు. ఆ బల్ల దగ్గర నువ్వు కూర్చో. ఆ గదిలో వెలుతురు బాగుంటుంది.

కానీ ఒక మాట. దంచిన గుజ్జుని నీళ్ళు పిండి ముద్దలు చేస్తే చలికాలంలో చెడకుండా ఉంటుంది కదా. మూత ఉన్న డబ్బాలో బస్సుకి వేస్తే ఇక్కడికి వస్తుంది. డాబా మీద జాగా ఉంది, నీళ్ళ కుళాయి ఉంది. చిన్న చట్రమైతే ఎడమ చేత్తో ఎత్తగలనేమో.

నన్ను రమ్మనకు. గుజ్జు పంపు.

అక్క


కాగితం షెడ్డు,
చలి

అక్కా,

నీ ఉత్తరం చదివాను. మీ మరిది ఏమైందని అడిగితే తల నొప్పన్నా. నీ మీద కోపం వచ్చింది, అబద్ధమెందుకు? గది తలుపు వేసేశాను. మళ్ళీ నేనే తీశాను. అమ్మాయికి జడ వేసేటప్పుడు అది కదలకుండా కూర్చునేది కాదు, తెలుసా? నా ఒళ్ళో కూర్చోబెట్టి మోకాళ్ళతో బిగించి పట్టుకుని వేసేదాన్ని. ఇప్పుడది నీకు వేస్తోంది. ఇంకేమంటాను? ఉండు అక్కడే.

జాలీ పెట్టె వచ్చింది. మీ మరిది, లేతు మేస్త్రి కలిసి బిగించారు. బొమ్మ చొక్కాలా ఉన్నా పెట్టె మాత్రం అతికినట్టు సరిపోయింది. నా జుట్టు ఇప్పుడు భుజాల దాకా కూడా లేదు, అయినా తలకి గుడ్డ కట్టుకుని తిప్పుతున్నా. మొదటిసారి స్విచ్ వేసేముందు ఆ గుడ్డ ముడి ఇంకోసారి బిగించుకున్నా. మీ మరిది కుట్టుమిషను దగ్గర నిలబడే ఉన్నాడు, గుజ్జు అయ్యేదాకా కూర్చోలేదు.

బైండింగ్ ఆయన కొత్త కాగితం చెవి దగ్గర ఊపాడు. చప్పుడు రాలేదు. చింపాడు. అంచున నూగు లేచింది. సంచిలో పెట్టుకుని, వెళ్తూ వెళ్తూ "గ్రంథాలయంలో ఒక గది నిండా ఉన్నాయమ్మా" అన్నాడు. అంటే ఇక ఊపిరాడదు.

రేపటి బస్సులో డబ్బా వేస్తున్నా. మెత్తగా ఉతికిన దుప్పట్ల గుజ్జు, బాగా పిండి ముద్దలు చేశాను. డబ్బాతోపాటు చిన్న చట్రం, నాలుగు ఆరేసే గుడ్డలు ఉన్నాయి. మూత తియ్యగానే కొంచెం వాసన వస్తే కంగారు పడకు, ఒకసారి కడుగు. బాగా లేకపోతే ఎలాగూ చెప్తావు. బాగుంటే కూడా చెప్పు అక్కా. ఇన్నేళ్ళలో నా గుజ్జు బాగుందని నువ్వు ఒక్కసారి కూడా అనలేదు.

నీ చెల్లి


డాబా మీద,
ఆదివారం

వసపిట్టకి,

డబ్బా చేరింది. వాసన లేదు.

ఇవాళ అమ్మాయికి సెలవు. ఇద్దరం కలిసి బట్టలు ఉతికే తొట్టెలో నీళ్ళు పోసి ముద్ద విప్పాం. చట్రం ఎడమ చేత్తో ముంచాను. ఎత్తేటప్పుడు నీళ్ళ బరువుకి కుడిపక్క వాలిపోయింది. మళ్ళీ ముంచాను, మళ్ళీ వాలింది. అమ్మాయి కాసేపు చూసి, చేతులు పైకి మడుచుకుని వచ్చి కుడిపక్క పట్టుకుంది. పుట్టి ఇన్నేళ్ళలో అది గుజ్జులో చెయ్యి పెట్టడం ఇదే మొదలు. "ఎప్పుడు ఎత్తాలి?" అంది. నేను ఎత్తినప్పుడు, అన్నాను. మొదటివి నాలుగు పాడయ్యాయి. తర్వాత నా చేతిని చూడటం నేర్చుకుంది.

నేను రాస్తున్న ఈ కాగితం అలా తీసిందే, సాయంత్రానికి ఆరింది. అమ్మాయి పట్టిన వైపు కొంచెం మందం, కలం అక్కడ దిగబడుతోంది. సరిచెయ్యమని నేను చెప్పలేదు.

గుజ్జు బాగుంది. ఇంకో డబ్బా పంపు.

అక్క